కజీమియెజ్‌లో యిడ్డిష్ పాట

మధ్యాహ్నం మూడు దాటింది. ఇది పోలండ్‌లోని క్రాకోవ్ నగరం, కజీమియెజ్ పేట. జూన్ ఎండ మన ఎండలా మాడ్చదు గానీ, రాళ్లు పరిచిన వీధి మీద పడి కళ్లలోకి కొడుతోంది. ప్లాత్స్ నోవీ అనే చిన్న సంతబయలు మధ్యలో ఒక గుండ్రటి కట్టడం ఉంది. దాని కిటికీల ముందు కుర్రకారు వరస కట్టి, పొడవాటి రొట్టె మీద పుట్టగొడుగులూ చీజూ వేసి కాల్చిన జపీకాంక కొనుక్కుంటున్నారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఇదే కట్టడంలో యూదుల ఆచారం ప్రకారం కోళ్లు కోసేవారు. అప్పుడు ఈ బయలులో బేరసారాలు ఆ యూదుల భాష అయిన యిడ్డిష్‌లోనూ, పోలిష్‌లోనూ సాగేవి. ఇప్పుడు మీ చెవిన పడుతున్నవి పోలిష్, ఇంగ్లిష్, కొంచెం స్పానిష్. యిడ్డిష్ వినాలంటే ఇంకో రెండు వీధులు నడిచి, ఒక పాత గిడ్డంగి తలుపు తోయాలి.

తోయండి. లోపల రిహార్సల్ నడుస్తోంది.

ఉన్నది నలుగురు. ఒక గాయని, ఒక ఫిడేలు, ఒక అకార్డియన్, మనిషెత్తు బాస్. రాత్రి ఎనిమిదికి కచేరీ. మీరు వెనక గోడవారగా కూర్చోండి, ఎవరూ ఏమీ అనుకోరు. గాయని ముందున్న స్టాండు మీద రెండు రకాల కాగితాలున్నాయి. ఒకదాని మీద స్వరాలు, వాటి కింద రోమన్ అక్షరాల్లో సాహిత్యం. రెండోదాని మీద అదే పాట హీబ్రూ లిపిలో. యిడ్డిష్‌ను హీబ్రూ అక్షరాలతో కుడి నుంచి ఎడమకి రాస్తారు. పాశ్చాత్య స్వరలిపి ఎడమ నుంచి కుడికి నడుస్తుంది. ఒకే గీత కింద రెండూ ఇమడవు కాబట్టి స్వరాల కింద రోమన్ లిపి వేసుకుంటారు. ఆమె పాడుతున్నంతసేపూ చూపు మొదటి కాగితం మీదే. ఆగగానే రెండోదాని మీదికి వెళ్తుంది. మాట ఎక్కడ విరిగిందో, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అక్కడ చూసుకుంటుంది.

ఇప్పుడు పాడుతున్నది మొర్దెఖాయ్ గెబిర్టిగ్ రాసిన ‘రేజెలె’. ప్రేమపాట. కుర్రాడు వీధిలో నిలబడి ఈల వేసి పిలుస్తాడు. అమ్మకు ఈలలు నచ్చవు, వేయకు అంటుంది అమ్మాయి. మొదటి చరణం కాగానే అకార్డియన్ వాయిస్తున్నతను చెయ్యెత్తి ఆపాడు. ప్రాస కుదరలేదంటాడు. కుదరకపోవడానికి కారణం ఉచ్చారణ. 1925లో విల్నా నగరంలో యీవో అనే పరిశోధన సంస్థ పుట్టింది. యిడ్డిష్‌కు ఒక ప్రామాణిక వర్ణక్రమం, దానితోపాటు పాఠాల్లో నేర్పే ఒక ప్రామాణిక ఉచ్చారణ ఆ సంప్రదాయంలో స్థిరపడ్డాయి. ఈ తరం గాయకుల్లో చాలామంది భాష నేర్చుకున్నది ఆ ఉచ్చారణలోనే. గెబిర్టిగ్ మాట్లాడింది మాత్రం క్రాకోవ్ ఉన్న గలీసియా ప్రాంతపు యిడ్డిష్. అందులో చాలాచోట్ల ‘ఉ’ కాస్తా ‘ఇ’ అవుతుంది, ‘ఒ’ కాస్తా ‘ఉ’ అవుతుంది. తెలంగాణ పాటను పత్రికల తెలుగులోకి దిద్ది పాడితే ఏం పోతుందో మీకు తెలుసు కదా, ఇక్కడ పోతున్నదీ అదే. గాయని పెన్సిలు తీసి కాగితం మీద అచ్చులు మార్చుకుంటోంది. మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి పంక్తి చివర మాటలు ఒకదానికొకటి తగిలి మోగాయి. ఫిడేలు వాయించేవాడి ముఖం విప్పారింది.

ఈ పనికి అరగంట పట్టింది. రెండు నిమిషాల పాటకు అరగంట ఎందుకని మీకు అనిపించవచ్చు. యిడ్డిష్ పాటను ఇవాళ పాడడంలో అసలు శ్రమ ఇక్కడే ఉంది. గాత్రం ఉన్నవాళ్లు చాలామందే దొరుకుతారు. ఇంట్లో అమ్మ నోట విన్నవాళ్లు అరుదు. వినని మాటను విన్నట్టు పలకాలంటే ఇలా ఒక్కొక్క అచ్చునూ పట్టుకుని కూర్చోవలసిందే.

తర్వాత ఫిడేలు ఒక్కటే ఒక రాగం ఎత్తుకుంటుంది. మీలో కర్ణాటక సంగీతం విన్న చెవి ఉంటే ఇక్కడ ఉలిక్కిపడతారు. వీళ్లు ‘ఫ్రైగిష్’ అని పిలిచే ఆ స్వరవరుస మన వకుళాభరణం స్వరస్థానాలతో సరిపోతుంది. మరో పాటలో ఇంకో వరుస వస్తుంది, అది హేమవతికి సరిపోతుంది. స్వరస్థానాలు ఒకటే అయినా నడక వేరు. మన గమకం స్వరాన్ని ఊపుతుంది. వీళ్లు స్వరం చివర గొంతును ఒక్క క్షణం బిగబట్టి వదులుతారు, ఏడుపు వచ్చి ఆగినట్టు. దాన్ని క్రెఖ్ట్స్ అంటారు. ఫిడేలు కూడా ఆ గొంతునే అనుకరిస్తుంది. కొత్తగా నేర్చుకున్నవాళ్లు ప్రతి స్వరానికీ అది తగిలిస్తారు. ఈమె పాట మొత్తంలో మూడుసార్లే వాడింది. ఆ మూడుచోట్లా మాట దాన్ని కోరింది.

వాద్యగాళ్లు టీకి లేచారు. గాయని లేవలేదు. ఫోన్‌లో ఒక పాత రికార్డింగ్ పెట్టుకుని చెవి దగ్గర ఆనించింది. ఇంకాస్త దగ్గరికి జరగండి, మీకూ వినిపిస్తుంది. ఒక పెద్దావిడ గొంతు, పక్కన ఏ వాద్యమూ లేదు. తాళం కట్టుబాటు లేకుండా, తొందర లేకుండా, ఎవరి మెప్పూ అక్కర్లేదన్నట్టు పాడుతోంది. ఆమె పేరు లిఫ్షె షెఖ్టర్-విడ్‌మన్. ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉన్న ఒక బుకొవినా పల్లెలో పుట్టి, యుద్ధం తర్వాత న్యూయార్క్ చేరింది. 1954లో లేబల్ కాన్ అనే సేకర్త ఆమె పాటలను టేపు మీద ఎక్కించాడు. వాటిలో కొన్ని 1986లో క్యాసెట్‌గా వచ్చాయి.

గాయని ఒక పంక్తి వింటుంది. ఆపుతుంది. కళ్లు మూసుకుని తిరిగి పాడుతుంది. మళ్లీ అదే పంక్తి వింటుంది. పెద్దావిడ ఒక మాట మధ్యలో గొంతును కిందికి జార్చి వెంటనే పైకి ఎత్తింది. కాగితం మీద ఆ జారుడు ఉండదు, ఏ స్వరలిపీ దాన్ని పట్టుకోలేదు. ఇలా పంక్తి తర్వాత పంక్తి నోటి నుంచి నోటికి నేర్పే గురువులు ఈ రంగంలో ఉన్నారు. 1936లో పుట్టిన ఈథల్ రైమ్ అమెరికాలో దశాబ్దాలుగా చేస్తున్నది ఇదే. ఆర్కెస్ట్రా లేని యిడ్డిష్ పాటను ఒక గంభీరమైన కళగా చూడాలని ఆమె నేర్పింది. నా దృష్టిలో, యిడ్డిష్ పాటను మళ్లీ బతికించే ఈ మొత్తం ప్రయత్నంలో అత్యంత విలువైన పని అదే. బ్యాండు హోరులో పాటకు బలం వచ్చినట్టు అనిపిస్తుంది. ఒంటరి గొంతులోనే దాని నిజమైన బరువు తెలుస్తుంది.

కచేరీకి ఇంకా వ్యవధి ఉంది. బయటికి రండి, నాలుగడుగులు నడుద్దాం.

షెరోకా వీధి వెడల్పుగా, కూడలిలా ఉంటుంది. ఒక కొసన పాత సినగాగు, అంటే యూదుల ప్రార్థనాలయం, మరో పక్కన రెము సినగాగు, దాని వెనక పదహారో శతాబ్దపు శ్మశానం. రెస్టారెంట్ల ముందు గొడుగుల కింద పర్యాటకులు. వాళ్ల మధ్య క్లారినెట్ మోగుతోంది, అందరికీ తెలిసిన నాలుగైదు బాణీలే. దాటి ఉత్తరంగా వెళ్తే బెరెక్ యొసెలెవిచ్ పేరున్న ఇరుకు వీధి వస్తుంది. 5వ నంబరు ఇంటి గోడ మీద ఒక ఫలకం. గెబిర్టిగ్ ఇక్కడే కాపురమున్నాడు.

1877లో క్రాకోవ్‌లోనే పుట్టిన వడ్రంగి అతను. పాత సామాను బాగుచేసి పొట్టపోసుకునేవాడు. స్వరలిపి రాదు. చిన్న పిల్లనగ్రోవి మీద బాణీ కట్టుకుని స్నేహితుల ముందు వాయిస్తే, సంగీతం చదువుకున్న మిత్రుడు దాన్ని కాగితం మీద పెట్టేవాడు. మొదటి పుస్తకం 1920లో, రెండోది 1936లో వచ్చాయి. ముగ్గురు కూతుళ్లకు పాడిన జోలపాటలు, చిన్ననాటి వీధుల మీద పాటలు, దొంగల మీద పాటలు, పని దొరకని కూలీల మీద పాటలు. పాట ఫలానావాడిదని తెలియకుండానే జనం పాడుకునేంతగా అవి పాకిపోయాయి.

1936 మార్చిలో ప్షితిక్ అనే ఊళ్లో యూదుల మీద దాడి జరిగింది. దాని తర్వాత గెబిర్టిగ్ ‘స్’బ్రెంట్’ రాశాడు. ఊరు తగలబడుతుంటే చేతులు కట్టుకుని చూస్తున్న తనవాళ్లను నిలదీసే పాట. యుద్ధంలో, యూదులను నిర్బంధించిన ఘెట్టోల నిండా దీన్ని పాడుకున్నారు. నాజీలు 1941 మార్చిలో విస్తులా నది అవతల పొద్గుజే పేటలో ఘెట్టో కట్టారు. నగర జనాభాలో నాలుగోవంతుగా, 60,000 పైచిలుకుగా ఉన్న యూదుల్లో చాలామందిని అప్పటికే తరిమేశారు, మిగిలినవాళ్లను అందులోకి కుక్కారు. 1942 జూన్ 4న, జనాన్ని రైలుబండ్ల వైపు తోలుకెళ్తుండగా, ఆ వీధుల్లో గెబిర్టిగ్‌ను కాల్చి చంపారు. భార్య, ముగ్గురు కూతుళ్లు కూడా యుద్ధం దాటలేదు. చేతిరాత ప్రతులను మిత్రులు దాచారు కాబట్టి చివరి పాటలు మిగిలాయి.

ఫలకం ముందు ఎక్కువసేపు నిలబడవద్దు. ఆయన ఉన్నది ఆ గోడలో కాదు, ఎనిమిదింటికి కచేరీ మొదలయ్యే చోట ఉన్నాడు. వెనక్కి పదండి.

హాలు నిండింది. మీ పక్క కుర్చీలో ఒక పోలిష్ విద్యార్థిని, ఒళ్లో యిడ్డిష్ వ్యాకరణ పుస్తకం. ముందు వరసలో అమెరికా నుంచి వచ్చిన కుటుంబం, తాతగారి ఇల్లు వెతుక్కుంటూ పొద్దున్నంతా తిరిగినట్టుంది, చేతిలో వీధుల పటం నలిగిపోయింది. జర్మన్ మాట్లాడుకుంటున్నవాళ్లు నలుగురైదుగురు. యిడ్డిష్ పూర్తిగా అర్థమయ్యేవాళ్లు ఇందులో ఎందరుంటారు? కొద్దిమందే. గాయనికి అది తెలుసు.

దీపాలు తగ్గకముందే ఆమె మొదలుపెట్టేసింది. మాటలు లేని పాట, నిగ్న్. హసీదులనే భక్తిమార్గపు యూదులు ప్రార్థనలోనూ భోజనబల్ల దగ్గరా పాడుకునే రకం. సాహిత్యం లేదు కాబట్టి అందరికీ సమానంగా అర్థమవుతుంది. రెండోసారికి మీ పక్కనున్న అమ్మాయి గొంతు కలిపింది. నాలుగోసారికి హాలు సగం కలిపింది. మీరూ కలపండి, తప్పులేదు.

తర్వాత వాద్యాలు ఆగిపోయాయి. ఆమె ఒక్కతే. మధ్యాహ్నం విన్న లిఫ్షె పాట. ఆ మాట దగ్గర జారుడు వచ్చిందా? వచ్చింది, కానీ పెద్దావిడలా కాదు, ఈమె గొంతుకు తగ్గట్టు వచ్చింది. అనుకరణ ఎక్కడ ఆగాలో ఆమెకు తెలిసినట్టుంది. పాటకు ముందు చెప్పిందల్లా రెండు వాక్యాలు: ఎవరు పాడారు, ఎవరిని ఉద్దేశించి. ఈ సంయమనం చాలా అవసరం. ఇలాంటి కచేరీల్లో ప్రతి పాటకూ పావుగంట చరిత్ర చెప్పి, పాట వచ్చేసరికి శ్రోతను అలసగొట్టేవాళ్లను చూస్తుంటాం. ఏమీ చెప్పకపోతే పాట గాలిలో కలుస్తుంది. అన్నీ చెబితే పాట ఉదాహరణగా మిగులుతుంది.

మారిస్ రోజెన్‌ఫెల్డ్ పాట వచ్చింది. న్యూయార్క్ దర్జీ కొట్టాల్లో పనిచేసిన కవి అతను. తెల్లారకముందే పనికెళ్లి రాత్రి తిరిగొచ్చే తండ్రి, కొడుకును నిద్రలో తప్ప చూడలేకపోవడం అందులో విషయం. బాస్ ఒక్కటే తోడు. ఆ వెంటనే ‘బై మిర్ బిస్తు షేన్’, హాలంతా చిటికెలు. 1932లో బ్రూక్లిన్ యిడ్డిష్ నాటకం కోసం షోలొమ్ సెకుండా బాణీ కట్టిన ఈ పాట హక్కులను కేవలం 30 డాలర్లకు అమ్మేశారు. 1937లో ఆండ్రూస్ సిస్టర్స్ ఇంగ్లిష్ మాటలతో పాడాక ప్రపంచమంతా మోగింది. ఇదీ యిడ్డిష్ పాటే, నవ్వూ సరసమూ వ్యాపారమూ ఉన్న పాట. వీటిని వదిలేసి కేవలం దుఃఖగీతాలు పాడితే ఆ జనం బతికిన బతుకులో సగాన్ని చెరిపేసినట్టే.

‘స్’బ్రెంట్’ దగ్గర ఆమె ఏం చేస్తుందోనని నేను ఎదురుచూశాను. సంస్మరణ సభల్లో దీన్ని అందరూ నిటారుగా నిలబడి గీతంలా పాడతారు. ఈమె కూర్చుంది. కుర్చీలో ముందుకు వంగి, ఇంటి పక్కవాళ్లను కేకేస్తున్నట్టు, కోపంగా, వేగంగా పాడింది. 1936లో ఇది నివాళి కాదు కదా, హెచ్చరిక. రాసినవాడికి ముందేం రాబోతోందో తెలియదు. ఆ తెలియనితనాన్ని నిలిపి పాడడం కష్టం. వింటున్న మనందరికీ ముగింపు తెలుసు. పాట అయ్యాక చప్పట్లకు ఆమె చోటివ్వలేదు. అకార్డియన్ వెంటనే మరో పాటలోకి లాక్కెళ్లింది.

ఆ మరో పాట కథ మీకు చెప్పాలి. కీవ్‌లో మొయిసెయ్ బెరెగోవ్‌స్కీ అనే సంగీత పరిశోధకుడు ఉండేవాడు. యుద్ధకాలంలో, యుద్ధం ముగిసిన వెంటనే, ఆయనా సహచరులూ సోవియట్ యూదులు అప్పటికప్పుడు కట్టిన పాటలు సేకరించారు. సైనికులవీ, కాందిశీకులవీ, చివరికి పిల్లలవీ. 1950లో స్టాలిన్ ప్రభుత్వం ఆయన్ను అరెస్టు చేసింది, కాగితాలు జప్తయ్యాయి. 1955లో విడుదలయ్యాడు. 1961లో కన్నుమూసేనాటికి ఆ సేకరణ పోయిందనే అనుకున్నాడు. తర్వాత ఆ కాగితాల పెట్టెలు కీవ్ గ్రంథాలయంలో బయటపడ్డాయి. టొరంటోలో పనిచేసే చరిత్రకారిణి ఆనా ష్టెర్న్‌షిస్ వాటిని చదివింది. బాణీ దొరకని సాహిత్యాలకు గాయకుడు ప్సోయ్ కొరొలెంకో ఆ కాలపు వరుసలు వెతికి కలిపాడు. ‘యిడ్డిష్ గ్లోరీ’ పేరుతో 2018లో ఆల్బమ్‌గా వచ్చి గ్రామీ నామినేషన్ దాకా వెళ్లింది. డెబ్బయ్యేళ్లు పెట్టెలో ఉన్న పాటను పాతదనాలా, కొత్తదనాలా? మీ ముందున్న ఫిడేలు దాన్ని ఈ ఏడాది రాసినట్టే వాయిస్తోంది.

ఇక కొత్త పాటలు. గాయని ఇప్పుడు బెయిలె షెఖ్టర్-గాట్స్‌మన్ పేరు చెప్పింది. మీకు ఆ ఇంటిపేరు తెలుసు. లిఫ్షె కూతురే ఈమె. 1920లో వియన్నాలో పుట్టి, చెర్నోవిట్స్‌లో పెరిగి, ఘెట్టో దాటి బతికి, 1951లో న్యూయార్క్ వచ్చింది. బ్రాంక్స్‌లో తమ వీధి పిల్లలకు యిడ్డిష్‌లో పాడుకోవడానికి పాటలు కావలసివస్తే తానే రాసి బాణీ కట్టింది. తర్వాత పెద్దల కోసమూ రాసింది. ఆమె ‘హర్బ్‌స్ట్‌లీడ్’, శరత్కాలపు పాట, ఇప్పుడు ఎందరో గాయకుల జాబితాలో ఉంది. 2005లో అమెరికా ప్రభుత్వం జానపద కళాకారులకిచ్చే అత్యున్నత గౌరవం, నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్, ఆమెకు దక్కింది. 2013లో మరణించింది. తల్లి పాట వాద్యం లేకుండా విన్నారు, కూతురి పాట నాలుగు గొంతుల మధ్య వింటున్నారు. సంప్రదాయం, ఆధునికం అని కచేరీ కరపత్రంలో రెండు శీర్షికలు వేస్తారు గానీ, ఈ ఇంట్లో అవి తల్లీ కూతుళ్లు.

చివరి పాట గాయని తానే రాసుకున్నది. బెర్లిన్‌లో అద్దె ఇల్లు దొరకక నలుగురు స్నేహితులు ఒక గదిలో సర్దుకోవడం గురించి. హాలు ఘొల్లున నవ్వింది. ఒక చరణం యిడ్డిష్‌లో, ఒకటి పోలిష్‌లో. ఈ పద్ధతిని బాగా ప్రచారంలోకి తెచ్చినవాళ్లలో డెట్రాయిట్‌లో పుట్టి జర్మనీలో స్థిరపడిన డేనియల్ కాన్ ఒకరు. అనువాదాన్ని తెర మీద వేయకుండా పాటలోనే అల్లేస్తాడు. అద్దె గురించి, సరిహద్దుల గురించి, వలసల గురించి యిడ్డిష్‌లో పాట రాయగలిగినప్పుడే ఈ గానం మ్యూజియం బయట ఉన్నట్టు లెక్క. నాకు ఈ విషయంలో సందేహం లేదు.

కచేరీ ముగిసి అందరూ బయటికొచ్చారు. మెట్ల దగ్గర వాదన నడుస్తోంది, వినండి. యూదులు కానివాళ్లు ఈ పాటలు పాడవచ్చా? ఫిడేలు వాయించినవాడు యూదుడు కాదు. క్రాకోవ్‌లో, వైమార్ వేసవి శిబిరాల్లో, ఇలాంటివాళ్లు చాలామంది. మరోవైపు, ఇవాళ పిల్లలు పుట్టగానే యిడ్డిష్ వినే ఇళ్లు బ్రూక్లిన్‌లోని విలియమ్స్‌బర్గ్‌లోనో, జెరూసలేంలోనో, ఆంట్‌వెర్ప్‌లోనో ఉన్న హసీదులవి. వాళ్లకు వేరే పాటలున్నాయి, వేరే గాయకులున్నారు. ఆడవాళ్లు మగవాళ్ల ముందు పాడకూడదన్న నియమం వల్ల ఈ కచేరీకి వాళ్లు రారు. భాష ఒకచోట, ఈ పాట ఒకచోట పెరుగుతున్నాయి. యుద్ధానికి ముందు కోటిమందికి పైగా మాట్లాడిన భాష ఇది. నాజీలు చంపిన అరవై లక్షల మంది యూదుల్లో అత్యధికులు దాన్ని మాట్లాడినవాళ్లే. అంత పెద్ద ఖాళీలో, అచ్చులు దిద్దుకుని, మాట నేర్చుకుని, ఎవరి పాటో చెప్పి పాడేవాణ్ని నీకు హక్కు లేదనడం నాకు న్యాయంగా తోచదు. నేర్చుకోకుండా బాణీ మాత్రం ఎత్తుకుపోయేవాడి సంగతి వేరు. వాడికి ఆ హక్కు లేదు.

మీకు యిడ్డిష్ రాదని వెనకాడకండి. క్రాకోవ్ వెళ్లనక్కర్లేదు కూడా. జానపద సేకర్త రూత్ రూబిన్ అమెరికాలోనూ కెనడాలోనూ వలస కుటుంబాల నోట రికార్డు చేసిన పాటలను యీవో సంస్థ ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. వాద్యాలతో హంగుగా పాడిన ఆల్బమ్‌ల జోలికి వెళ్లేముందు, ఆ పెద్దవాళ్ల ఒంటి గొంతులు వినండి. ఆ తర్వాత ఇవాళ్టి గాయకులను వినండి. ఎవరు ఎంత నేర్చుకుని పాడుతున్నారో మీ చెవే చెబుతుంది.